యాభై దాటినంక మల్ల గీత కత్తి

తాడు, అంటె తాటి చెట్టు, ఎక్కుడు ఒక విద్య, కల్లుకు గీసుడు ఇంకో విద్య. కింద నిలబడి చూసేటోళ్లకు రెండూ ఒక్కటే అనిపిస్తయి. ఇరవై ఏండ్లకు పైబడి ఒమాన్‌ల బతికి, యాభై దాటినంక కోరుట్ల దగ్గర మా ఊరికి తిరిగొచ్చి మల్ల చెట్టెక్కే మోకు భుజానికి ఏసుకున్నప్పుడు, ఆ తేడా నాకు నా చేతులే చూపెట్టినయి. ఎక్కుడు ఎక్కడికీ పోలేదు. మా చెల్క గట్టు మీది పోద్దాడు సగం ఎక్కేసరికి మోకాళ్లు నొచ్చినయి గని, కాలు ఎక్కడ ఆనాలె, మోకు ఎప్పుడు పైకి జరపాలె అన్నది ఒంటికి యాదికున్నది. గెల దగ్గర కుదురుగ కూసున్నంకనే కత్తి నా మాట వినలేదు.

ఎక్కుడు యాదికుండుటానికి కారణం ఉన్నది. నేను పోయింది ఖర్జూర తోటలకు. ఒమాన్‌ల బాతినా తీరం పొడుగునా ఖర్జూర తోటలే. ఎండలు ముదరకముందే మగ చెట్టు పువ్వు తెచ్చి ఆడ చెట్టు పువ్వుల పెట్టి కట్టాలె, అది మనిషి చెయ్యకుంటె కాయ సరిగ పట్టది. కాయ పండినంక గెలలు కోసి జాగ్రత్తగ దించాలె. ఎక్కుటానికి అక్కడ సుత నడుం చుట్టూ తిరిగే మోకు తీరుదే ఉంటది, హాబూల్ అంటరు. నాతోటి విమానం ఎక్కినోళ్లు ఎక్కువమంది బిల్డింగుల మీద కూలికి పోయిన్రు. గౌడోళ్ల పిల్లగాడు, చెట్టు ఎక్కొస్తది అని తెలిసి మా అర్బాబు, అంటె తోట ఆసామి, నన్ను తోటకే ఉంచుకున్నడు. ఖర్జూర తోటల కోసుడు ఉంటది, గీసుడు ఉండదు. అందుకే ఒంటికి చెట్టు మిగిలింది, చేతికి కత్తి దూరమయ్యింది.

ఎందుకు పోయినవని మా పిల్లలు అడుగుతరు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఇంటికొకరు దుబాయికో మస్కట్‌కో సౌదీకో పోయిన కాలం అది. కాకతీయ కాలువ నీళ్లు వచ్చినయి, వరి పెరిగింది, పసుపు పెరిగింది, మడి మడి కలిపి పెద్దగ చేసుకున్నరు. ఆ కలిపిన గట్ల మీద ఉన్న తాళ్లు ఇటుక బట్టీలకు పోయినయి. మా బాపు గీసిన చెట్లల్ల సగం నా కండ్ల ముంగటనే కూలినయి. మిగిలినయాటితోని ఇల్లు గడువదని బాపే అప్పు తెచ్చి నన్ను పంపిండు. అప్పుడు ఆయన ఒక్కటే చెప్పిండు: "కత్తి అటక మీద పెడ్త. తుప్పు పట్టనియ్య." ఆయన బతికున్నన్ని రోజులు ఏడాదికోసారి దానికి నూనె రాసేటోడని అవ్వ చెప్పింది.

గీసుడంటె ఏందో కొంచెం నిమ్మళంగ చెప్పాలె, ఎందుకంటె ఈ పనిల ఉన్న విలువంతా అక్కడనే ఉన్నది. మగ తాడుకు పొడుగాటి తోకల తీరు గెలలు వస్తయి, దాన్ని పోద్దాడు అంటం. ఆడ తాడుకు కాయ కాసే గెల వస్తది, వాటిల పరుపుదాడు, పండుదాడు అని చెప్పుకుంటం. దేని కాలం దానిది, దేని రుచి దానిది. గెలను మొదలు మెత్తగ చెయ్యాలె. చేతులతోని ఒత్తుడు, కట్టెతోని పైపైన కొట్టుడు, కట్టుడు. ఇది రోజుకింత చొప్పున చేసే పని. తొందరపడి గట్టిగ నలిపితె గెల లోపలనే చచ్చిపోతది. రసం దిగుతున్నదని తెలిసినంక కొస నుంచి పొర తీసుడు షురూ.

కోసిన మూతిని చెట్టు ఊకె తెరిచి ఉంచుకోదు, తన గాయం తాను మూసుకుంటది. పొద్దున తెరిచింది పొద్దుమీకెల్లకు బిగుసుకపోతది. ఆ బిగుసుకున్నంత మందమే తీయాలె. ఎక్కువ తీస్తె ఆ పూట కల్లు బాగనే వస్తది, కానీ కాలం సగంల ఉండంగనే గెల అయిపోతది. తక్కువ తీస్తె బొట్టు రాదు. కత్తి ఒక్కసారే గుంజాలె, అంతటా ఒకే తీరు లేవాలె. రెండోసారి గుంజితె మూతి చెదిరి, రసం కింద కట్టిన కుండల, అంటె లొట్టిల, పడకుంట గెల ఎంబడి కారుతది. ఆ పొర ఎట్లుండాలంటె, అరచేతిల పెట్టుకుని చూస్తె చేతి గీతలు కనబడాలె. బాపు నాకు అట్లనే నేర్పిండు. ఒమాన్ నుంచి వచ్చినంక నా చెయ్యి తీసిన పొరలు మందంగ, ఒక దిక్కు లావు ఒక దిక్కు సన్నం లేసినయి. చెయ్యి కుదురుకునేదాక పెద్ద తాళ్ల మీద గీయొద్దని, ముందుగాల పొట్టి ఈత చెట్ల మీదనే కత్తి పెట్టిన.

అక్కడ నాకు గురువు మా పాలోళ్ల తాత. చెట్టు ఎక్కుడు మానేసి చాన ఏండ్లయింది ఆయనకు. చెట్టు కింద మంచం ఏసుకుని కూసునేటోడు. పైన నేను గీస్తుంటె చప్పుడు విని చెప్పేటోడు. "బిడ్డా, గట్టిగ పట్టకు. కత్తి బరువుకు కత్తిని పోనియ్యి." ఇంకోసారి, "పదును పోయింది, దిగి నూరుకో." నిజంగనే పోయి ఉండేది. చెక్క మీద పలుగురాయి పొడి చల్లి కత్తిని నూరుతం. దిగి నూరుకుని మల్ల ఎక్కితె చప్పుడే మారేది, తాత ఇగ మాట్లాడేటోడు కాదు. ఆయన మాట్లాడకుంట ఉన్న పూట నాకు బడిల ఫస్టొచ్చినంత సంతోషమయ్యేది.

ఈత చెట్టు పద్ధతి ఏరు. దానికి గెల కాదు, మొదలు. తల కింద ఒక దిక్కు మట్టలు కొట్టి, పైబెరడు చెక్కి, లోపలి తెల్లటి మెత్తటి భాగం కనబడేదాక తీసి, కొన్నాళ్లు ఆరనియ్యాలె. తరువాత గాటు పెట్టి, రసం ఒక్క దిక్కుకు దిగేటట్టు చేసి, కింద లొట్టి కడుతం. పొద్దుమీకి చెక్కితె రాత్రంతా దిగుతది, తెల్లారి తీసుకుంటం. ఒక ఏడు ఒక దిక్కు చెక్కితె వచ్చేయేడు అవతలి దిక్కు. పాత ఈత చెట్టు మొదలు చూస్తె అటొక మెట్టు ఇటొక మెట్టు ఉంటది, ఎన్ని కాలాలు గీసిన్రో ఆ మెట్లు లెక్కపెట్టి చెప్పొచ్చు. ఈతకు నడుమ నడుమ విశ్రాంతి ఇయ్యాలె. ఇయ్యకుంట చెక్కినోని చెట్టు చిక్కిపోతది, మట్టలు సన్నబడి చెట్టే చెప్తది. ఆడ, మగ పట్టింపు లేకపోవుడు ఈత గుణం. తాడుకు అట్ల కాదు, పెట్టినంక పన్నెండు పదిహేను ఏండ్లకు గెల ఏస్తెగని అది ఆడదో మగదో తెల్వది.

చలికాలం కల్లుకు మంచి కాలం. తెల్లారంగ దించిన కల్లు తియ్యగ ఉండి, నాలుక మీద కొంచెం చిటపటమంటది. అదే కల్లు పగటీలికి పుల్లగైతది, పొద్దుమీకికి ఘాటు ఎక్కుతది, మర్నాటికి సిర్కా తొవ్వ పడ్తది. ఎండాకాలం ఇదంతా రెండింతల తొందరగ నడుస్తది. కల్లును మనం తయారు చేస్తలేం, పొద్దు తయారు చేస్తది. మన చేతిల ఉన్నయి రెండే: లొట్టి ఎట్ల కడిగినం, ఏ గడియకు దించినం.

ఈ లొట్టి సంగతి నాకు బాపు చెప్పినప్పుడు ఎందుకో తెల్వకుంటనే చేసేటోన్ని. మడ్డి మిగలకుంట కడుగుడు, వేడి నీళ్లు పోసి తిప్పుడు, ఎండల బోర్లించుడు. కడగని లొట్టిల నిన్నటి మడ్డి ఉంటది, పైనుంచి బొట్టు పడుడే ఆలస్యం పులుస్తది. లోపల సున్నం పూస్తె పులువదు, అదే నీరా. పాత లొట్టికి, సున్నం లొట్టికి నడుమ, మంచిగ కడిగి ఎండబెట్టిన లొట్టి ఉంటది. గాలిల, గెల మీద ఉన్న ఈస్టు దాంట్ల నిమ్మళంగ పని చేస్తది. మా ఇంటి కల్లు అదే.

ఎందుకో తెలిసింది మా అక్క కొడుకు వచ్చినప్పుడు. వాడు అమెరికల టెక్సస్‌ల సాఫ్ట్‌వేర్ పని చేస్తడు, ఇంటి గరాజ్‌ల బీరు కాస్తడు. పెండ్లి కాకముందు దోస్తులతోని మొదలు పెట్టి, పిల్లలు పుట్టంగనే ఇడిచిపెట్టి, వాళ్లు పెద్దగైనంక మల్ల పట్టుకున్నడు. అక్కడ ఇంట్ల తాగుటానికి ఇంట్ల కాసుకుంటె పన్ను లేకుంట ఒప్పుకున్న చట్టం మీద ప్రెసిడెంట్ కార్టర్ 1978 అక్టోబర్ల సంతకం పెట్టిండట. మా జగిత్యాల రైతు కూలీల జైత్రయాత్ర జరిగింది అదే ఏడు సెప్టెంబర్ల, అందుకే నాకు ఆ సాలు బాగ గుర్తుండిపోయింది. మన దగ్గర ఇంట్ల బీరు కాస్తె నేరం, కల్లు గీయాల్నన్నా లైసెన్సు కావాలె.

వాడు బీరు కాసే తీరు చెప్తుంటె నేను నోరు తెరుచుకుని విన్న. బార్లీని నానబెట్టి మొలక తెప్పించి ఎండబెట్టినది కొనుక్కస్తడు. దాన్ని దంచి, 65 డిగ్రీలకు అటిటు వేడి నీళ్లల్ల గంట సేపు ఉంచితె గింజల ఉన్న పిండి చక్కెరగ మారుతది. ఆ నీళ్లు వంచి, హాప్స్ అనే తీగ పువ్వులేసి మరిగిస్తడు, చేదు దాని నుంచే వస్తది. చల్లార్చి ఈస్టు కలిపి మూత పెట్టి వారాల తరబడి చూసుకుంట కూసుంటడు. తాడు, ఈత ఇందుల సగం పని ముందే చేసి పెట్టినయి. దించిన రసంల 100కు 10 నుంచి 14 పాళ్ల దాక చక్కెర ఉంటది, మరిగించే పని లేదు, ఈస్టు కొనే పని లేదు. ఇడిసిపెడితె ఒక్క దినంల 4, 5 శాతం సారాయం ఎక్కుతది. వాని బీరుల ఉన్నది సుత ఇంచుమించు అంతే.

చక్కెర కొలిచే గాజు పుల్ల ఒకటి వెంట తెచ్చిండు. రసం చిక్కగ ఉంటె అది పైకి తేలుతది, చక్కెర తగ్గుతుంటె కిందికి మునుగుతది. సున్నం పూసిన లొట్టి రసంల అది పొద్దంతా ఒక్క తావునే నిలబడ్డది. కడిగిన లొట్టిల గంట గంటకు దిగుకుంట పోయింది. మడ్డి లొట్టిల కిందికి దించేటప్పటికే సగం దిగి ఉన్నది. బాపు నాలుకతోని చెప్పిన లెక్కను గాజు పుల్ల గీతలతోని చెప్పింది, రెండూ కలిసినయి. ఆ దినం నాకు బాపు మీద గౌరవం ఇంకా పెరిగింది.

కల్లు తెల్లగ ఎందుకుంటదని వాన్ని అడిగిన. రసం దిగేటప్పుడు నీళ్ల తీరు తేటగ ఉంటది కద. అందుల పుట్టి పెరిగే ఈస్టు, బాక్టీరియా కోట్లకు కోట్లు తేలుతుంటయి, ఆ తెలుపు వాటిదేనట. అందుల ఈస్టుతోని పాటు జైమోమోనాస్ అని ఒక బాక్టీరియా సుత చక్కెరను సారాయంగ మారుస్తది. పులుపుకు లాక్టిక్ బాక్టీరియా ఏరే. "మామా, ఈ జైమోమోనాస్ మా బీరుల చేరిందంటె మొత్తం పారబోసుడే, కంపు కొడ్తది" అన్నడు వాడు. "మా లొట్టిల అదే పనిమంతురాలు గదరా" అన్న. మెక్సికోల కలబంద తీరు కనబడే ఒక మొక్క రసంతోని చేసే పుల్కే అనే పానీయంల సుత ఇదే బాక్టీరియా ఉంటదట. మనసోంటి పని ఇంకోదిక్కు ఇంకోలు చేస్తున్నరని తెలుసుకునుడు మంచిగ అనిపించింది.

బీరు కాసేటోళ్లు, కల్లు గీసేటోళ్లు ఒక్క విషయంల మాత్రం పూర్తిగ ఒక్కటే: శుభ్రం. వాని గరాజ్‌ల సగం టైము డబ్బాలు, పైపులు కడుగుటానికే పోతదట. నాకు సుత ఎక్కి దిగుటానికి పట్టేదానికంటె లొట్లకు పట్టేది ఎక్కువ. ఇది చెప్పుకుంటె పెద్దగ వినబడే పని కాదు, కాని కల్లు మంచిదా కాదా అన్నది అక్కడనే తేలుతది.

ఇప్పుడు కల్తీ సంగతి. దాన్ని తప్పించుకుని ఈ వృత్తి గురించి మాట్లాడుడు మర్యాద కాదు. పట్నాలల్ల అమ్మే కల్లుల చాన చోట్ల చెట్టు రసం పేరుకే ఉంటది. నీళ్లు, తీపికి సాక్రిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం. తాగేటోనికి కల్లు అలవాటు కాదు, మందు అలవాటు అయితది. 2015 సెప్టెంబర్ల సర్కారు కల్తీ మీద దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు ఆ మందు దొరకక మనుషులు పిచ్చి పిచ్చిగ మాట్లాడి, ఫిట్స్ వచ్చి, దవాఖానలకు వరుస కట్టిన్రు. 2025 జూలైల హైదరాబాద్ కూకట్‌పల్లిల కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయిన్రు.

సిరిసిల్లల మా బావ సాంచాల మీద, అంటె మరమగ్గాల మీద, పని చేస్తడు. పన్నెండు గంటలు ఆ చప్పుడుల నిలబడి, డ్యూటీ దిగినంక డిపో కల్లు ఒక సీసా తాగి పండుకునేటోడు. ఏ డిపో అన్నది చెప్పను. దసరాకు మా ఇంటికి వచ్చి మా కల్లు తాగి, "ఇది ఎక్కుతలేదు బావా" అన్నడు. రెండో దినానికి చేతులు వణుకుడు, నిద్ర లేకపోవుడు, గోడ మీద ఏదో పాకుతున్నదని లేచి కూసునుడు. మా అక్క భయపడి దవాఖానకు తీసుకపోయింది. డాక్టర్ మందు మెల్లమెల్లగ తగ్గించుకుంట మనిషిని నిలబెట్టిండు. మా బావకు అయినది చూసినంక కల్లును పొద్దుపోక గీసుకునే సరదాగ చూసుడు నా వల్ల కాలేదు. నేను గీసేది తాగే మనిషికి నేను జవాబుదారీ.

కల్తీ ఎందుకొస్తదో నా అంచనా చెప్త. ఒక తాడు దినానికి ఇచ్చేది కొన్ని లీటర్లే. ఒక మనిషి దినానికి ఎక్కగలిగిన చెట్లు కొన్నే. చెట్లు ఏడాదేడాది తగ్గుతున్నయి, పట్నం పెరుగుతున్నది, తాగేటోళ్లు పెరుగుతున్నరు. కల్లు నిలువ ఉండదు, దూరం పోదు. ఇన్ని కట్లు ఉన్న సరుకును లారీలకెత్తి వందల మందికి అమ్మాలనుకున్నోడు పౌడరు డబ్బా తీయక తప్పదు. మంచి కల్లు చిన్నగనే ఉంటది. చెట్టుకు నడిచిపోయేటంత దూరంల ఉన్నోళ్లకే అది అందుతది. నేను కొన్ని చెట్లతోనే ఆగిపోవుటానికి వయసు ఒక కారణం, ఇది పెద్ద కారణం.

ఇందుల నాకు బాధ కలిగించేది ఒకటి ఉన్నది. నేను నిజాయితీగ గీయగలుగుతున్న అంటె నా ఇల్లు ఈ కల్లు మీద నడుస్తలేదు గనుక. ఒమాన్ పైసలతోని ఇల్లు కట్టుకున్న, పొలం ఉన్నది, బిడ్డ పెండ్లయింది. ఇరవై అయిదేండ్లోడు కేవలం చెట్టు మీద బతకాలంటె ఏం చెయ్యాలె? పొద్దుకు రెండుసార్లు ప్రాణం మోకుకు ఒప్పజెప్పి దించిన దానికి, నీళ్లల్ల పౌడరు కలిపిన సీసాకు ధర ఒక్కటే అయినప్పుడు వాడు ఎన్ని రోజులు నిలబడ్తడు? కల్తీ చేసినోన్ని పట్టుకునుడు ఎంత అవసరమో, అసలు కల్లుకు అసలు ధర దొరికేటట్టు చూసుడు అంతే అవసరమని నేను గీత కార్మికుల సొసైటీ మీటింగుల ప్రతిసారి లేచి చెప్త. 2023ల హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచినప్పుడు మావోళ్లు మస్తు సంబురపడ్డరు. చల్లగ ఉంచితెనే నీరా నిలుస్తది. ఆ చల్లబెట్టే మిషను జగిత్యాలల, కోరుట్లల, సిరిసిల్లల చెట్ల దగ్గరికి రావాలె, అప్పుడు గీసేటోనికి అక్కరకొస్తది.

ధర తీరుగనే చెట్టు మీద హక్కు సుత గీసేటోనికి ఊకె రాలేదు. నిజాం కాలంల చెట్టు రైతు చేన్ల ఉన్నా హక్కు ఆబ్కారి శాఖది. గుత్తదారు పాట పాడి చెట్లు పట్టుకునేటోడు, గీసేటోడు ఆయన కింద కూలి. మా తాత అట్లనే గీసిండు. తరువాత సహకార సంఘాలు వచ్చినయి, గీసేటోనికే చెట్టు అన్న పద్ధతి వచ్చింది, తెలంగాణ వచ్చినంక చెట్టు పన్ను పోయింది. యాభై ఏండ్లు నిండిన గీత కార్మికునికి సర్కారు పింఛను ఇస్తది. యాభైతోని మోకు గోడకు తగిలించాలన్నది ఊరి లెక్క సుత. నేను సరిగ్గ ఆ వయసుకే మోకు దించుకున్న గనుక, మా ఇంటామె నెల రోజులు మాట్లాడలేదు. ఆమె భయం ఉత్తది కాదు. మా వాడకట్టుల తాడు మీద నుంచి పడి నడుం ఇరిగి మంచంల ఉన్నోళ్లు ఉన్నరు, మల్ల లేవనోళ్లు ఉన్నరు.

అందుకే ఎక్కే ముందు నేను చూసుకునేటియి ఇప్పుడు చాన ఉన్నయి. వాన పడ్డ తెల్లారి తాడు ముట్టను, మొదలు జారుతది. మోకును చేతులతోని తడుముకుంట ఒక్కొక్క జానెడు చూస్త. 2024 జూలైల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడల కాటమయ్య రక్షణ కవచం పేరు మీద సేఫ్టీ కిట్లు ఇచ్చిండు. అవి మా దిక్కు వచ్చినంక నేర్చుకున్న. ముసలోళ్లు "మోకు ముస్తాదు చాలదా" అంటరు. నేను ఆ కిట్ ఏసుకునే ఎక్కుత, నా ఎంబడి నేర్చుకునేటోడు సుత ఏసుకోవాలె, అది నేను పెట్టిన షరతు. మా ఇంటామె మల్ల మాట్లాడింది ఆ బెల్టు చూసినంకనే.

మా మండువ అంటె రెండు తాళ్ల నడుమ ఊడ్చి నీళ్లు చల్లిన జాగ. మొదటి లొట్టి నుంచి ఎల్లమ్మకు శాక పోసినంకనే మనుషులకు. పసుపు తవ్వే రోజులల్ల పొద్దుమీకి ఆడోళ్లు, మొగోళ్లు చేన్ల నుంచి నేరుగ వస్తరు, చేతులకు పసుపు మన్ను అట్లనే ఉంటది. తాటాకు రేక పట్టుకుంటరు, పైనుంచి పోస్త. బొబ్బర గుడాలు, ఎండు చేపలు వాళ్లే తెచ్చుకుంటరు. అక్కడ ఎవరు ఎంత తాగాల్నో నేను చూస్త. ఇంటికాడ గొడవ పెట్టుకునేటోనికి రెండో రేక పోయను, మొహమాటం లేదు. కల్లు మత్తుదే, దాన్ని మందని నేను ఎవరికీ చెప్పను. మా బావ ఇప్పుడు సిరిసిల్ల నుంచి పండుగలకు వస్తడు, రేకెడు తాగి చాలంటడు.

గల్ఫ్ నుంచి కంపెనీ మూతపడి తిరిగొచ్చిన పిల్లగాడు ఒకడు మా వాడకట్టుల ఉన్నడు, వరుసకు తమ్ముడు అవుతడు. ముప్ఫై నిండలేదు. "అన్నా, నేర్పుతవా" అని వచ్చిండు. మొదలు కత్తి నూరుడు, లొట్లు కడుగుడు అప్పజెప్పిన. నెల గడిచినా అలగలేదు, అప్పుడు నమ్మకం కుదిరింది. సర్కారు మొక్కలు పెట్టిచ్చిన హరితహారంల కాలువ గట్టు మీద ఈత మొలకలు పెట్టినప్పుడు ఊరోళ్లు పట్టించుకోలేదు. ఎండాకాలం మేకల నుంచి కాపాడి బతికించినయి ఇప్పుడు మనిషెత్తు దాటినయి. చెల్క చుట్టూ తాటి గింజలు సుత మేమిద్దరం పెట్టినం. అవి గెల ఏసేటప్పటికి ఎక్కేది వాడే. ఈ చలికాలం రెండు ఈత చెట్లు వానికి ఒప్పజెప్పిన, పొర ఇంకా కొంచెం మందంగనే లేస్తున్నది. వాని పేరు సొసైటీల ఎక్కియ్యమని దరఖాస్తు ఇచ్చినం. ఎక్సైజోళ్లు వచ్చి ఎక్కుడు చూసి కాయితం ఇస్తె, వచ్చే కాలానికి గట్టు మీది పోద్దాడు వానిదే.